నాన్న క్యాసెట్లు, గొల్లపూడి నాటకం, విశాఖలో ఒక రేడియో రిపేరు షాపు

విశాఖలో డాబాగార్డెన్స్ వైపు ఒక మేడ మెట్ల కింద చిన్న షాపుంది. బోర్డు మీద రేడియో రిపేరు అని మాత్రమే ఉంటుంది. లోపల పాత ఆడియో, వీడియో క్యాసెట్లను కంప్యూటర్ ఫైళ్ళుగా మార్చి ఇస్తారు. నేను ఇచ్చినవి పదకొండు ఆడియో క్యాసెట్లు, రెండు వీడియో క్యాసెట్లు. ఇరవై నాలుగు రోజులకు పెన్ డ్రైవ్ చేతికొచ్చింది. విజయనగరం బస్సెక్కాక తగరపువలస దాటేదాకా ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే ధైర్యం చాలలేదు. ఎందుకో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న జూట్ మిల్లులో గుమాస్తా. డ్యూటీ దిగితే నాటకాలే. గొల్లపూడి మారుతీరావు గారంటే ఆయనకు ప్రాణం. 'మన ఊరాయనే అమ్మా' అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. నిజమే, గొల్లపూడి 1939 ఏప్రిల్ 14న విజయనగరంలోనే పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథమెటికల్ ఫిజిక్స్ ఆనర్స్ చదివారు. నేను డిగ్రీలో లెక్కలు తీసుకుంటానంటే ఇంట్లో పెద్ద గొడవైంది. అప్పుడు నాన్న ఈ ఒక్క మాట చెప్పి అందరి నోళ్ళూ మూయించారు. లెక్కలు చదివినాయన నాటకాలు రాయలేదా, సినిమాలు రాయలేదా అని. ఇరవై ఎనిమిదేళ్ళుగా లెక్కల టీచర్ని నేను. ఆ మాట చలవే అది.

నాన్న పోయాక క్యాసెట్ల పెట్టె అటక మీదే ఉండిపోయింది. 2019 డిసెంబరు 12న గొల్లపూడి గారు చెన్నైలో పోయారని టీవీలో చూసిన రాత్రి నిచ్చెన వేసుకుని కిందకి దింపాను. పన్నెండు ఆడియో క్యాసెట్లు, రెండు వీడియోలు. సగం వాటికి బూజు.

మొదట ఒకటి వేరే చోట ఇచ్చాను. పేరు చెప్పను. అక్కడ టేపు తెగింది. మామూలు గమ్ టేపుతో అతికించి నడిపించారు, జిగురు పక్క చుట్టలకీ అంటుకుంది. ఇచ్చిన ఫైలు వింటే గరగర అన్నది లేదు, శుభ్రంగా ఉంది. కానీ మనిషి కూడా లేడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి లేదు, జనం నవ్వు లేదు. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కేస్తే గరగరతో పాటు అదంతా పోయింది. ఆ దెబ్బకి మిగతా క్యాసెట్లు ఎవరికీ ఇవ్వబుద్ధి కాక ఇన్నేళ్ళు దాచాను.

ఈ షాపు మాస్టారికి డెబ్భై దాటి ఉంటాయి. క్యాసెట్ చేతికివ్వగానే మెషీన్లో పెట్టలేదు. వెలుతురుకి పట్టి చూశారు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. నాలుగు మూలలా స్క్రూలు విప్పి, లోపల టేపు వెనక ఉండే బుల్లి స్పాంజి ముక్క ఊడిపోయిందని చూపించారు. అది టేపుని హెడ్డుకి, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి, ఆనించి ఉంచుతుందట, అది లేకపోతే గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంటుందట. ఇంకో పాత క్యాసెట్లోంచి అలాంటి ముక్కే తీసి అతికించారు. తర్వాత ప్లేయర్ హెడ్డు పక్కన ఉండే స్క్రూని సన్నటి స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పుతూ నన్ను వినమన్నారు. తిప్పుతుంటే దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టున్న గొంతు మెల్లగా బయటికొచ్చింది. 'స' పలికినప్పుడు 'స' వినిపించింది. 'రికార్డు చేసిన మెషీన్ హెడ్డు ఎంత వంకరుందో మన హెడ్డునీ అంత వంకర పెట్టాలి టీచరమ్మా' అన్నారు. ప్రతి క్యాసెట్‌కీ ఆ పని విడిగా చేశారు.

ఆ గొంతు నాన్నది. నాటకం 'కళ్ళు', గొల్లపూడి రాసింది. 1984లో మా కాలనీ వినాయక చవితి పందిట్లో మిల్లువాళ్ళు వేశారు. ఐదుగురు గుడ్డి బిచ్చగాళ్ళ కథ. అందరూ కలిసి ఒకడికి చూపు తెప్పిస్తారు. చూపొచ్చినవాడు మారిపోతాడు. 1988లో ఎం.వి. రఘు గారు దీన్ని సినిమాగా తీశారు, చాలామందికి అలానే తెలుసు. కానీ ఇది చెవితో వినాల్సిన నాటకమని నాకు ఈ ఫైలు విన్నాకే అర్థమైంది. చూపులేని ఐదుగురూ ఒకళ్ళనొకళ్ళు గొంతుని బట్టే గుర్తుపట్టాలి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరికి కోపమొచ్చిందో, ఎవరు డబ్బు దాస్తున్నారో అన్నీ మాటలోనే తెలియాలి. క్యాసెట్లో బొమ్మ లేదు కదా, వినే నేనూ వాళ్ళలాగే తడుముకున్నాను. ఇరవయ్యో నిమిషానికి ఎవరి గొంతు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలిగాను.

రాసినాయన రేడియో మనిషి, అందుకే అలా కుదిరిందని నా నమ్మకం. గొల్లపూడి ముందు ఆంధ్రప్రభలో ఉప సంపాదకుడు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఆకాశవాణి ఉద్యోగి. హైదరాబాదు, విజయవాడ, సంబల్‌పూర్, మద్రాసు, కడప తిరిగారు. ఆ ఉద్యోగం చేస్తూనే సినిమాకి రాశారు. 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' రచయితగా తొలి సినిమా. ఆ తర్వాత 'ఆత్మగౌరవం', కె. విశ్వనాథ్ గారు దర్శకత్వం వహించిన మొదటి సినిమా అది. నటుడిగా తెర మీదకి వచ్చేసరికి నలభై దాటాయి. 1982లో కోడి రామకృష్ణ గారి తొలి సినిమా 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'. చిరంజీవి హీరో, ఈయన తియ్యగా మాట్లాడే దుర్మార్గుడు. అక్కడ మొదలై రెండున్నర వందలకు పైగా సినిమాలు చేశారు. నలభై దాటాక కొత్తగా నటుడైన మనిషికి అన్ని పాత్రలు వచ్చాయంటే గొంతు వల్లేనని నాన్న అనేవారు. మాట విసరడు, నీ చెవి దగ్గరికి తెచ్చి పెడతాడు అనేవారు.

వీడియో క్యాసెట్లలో ఒకటి గొల్లపూడి తండ్రిగా నటించిన సినిమా 'సంసారం ఒక చదరంగం', టీవీలో వస్తుంటే రికార్డు చేసింది. అటక మీద గాలికీ తేమకీ టేపు అంచున తెల్లగా బూజు పట్టింది. మాస్టారు టేపుని స్పిరిట్ గుడ్డ మీదుగా చేత్తో నడిపించి తుడిచారు, రెండు రోజులు పట్టింది. అయినా మధ్యలో తొమ్మిది నిమిషాలు బొమ్మ చిరిగినట్టే ఉంది. సినిమా కోసమే అయితే ఇంత ఖర్చు అనవసరం, ఆన్‌లైన్‌లో ఇంతకన్నా బాగా దొరుకుతుంది. నాకు కావాల్సింది మధ్యమధ్య వచ్చే పాత ప్రకటనలు, తండ్రి ఇంటిని గీత గీసి రెండు చేసే చోట నాన్న టేపుని పదేపదే వెనక్కి తిప్పి చూసిన గుర్తులు. అక్కడ బొమ్మ అరిగిపోయి ఉంది. అరిగిన చోటుని మాస్టారు సరిచెయ్యలేదు. 'చేసేదా, ఉంచేదా?' అని ఫోన్ చేసి అడిగారు. ఉంచమన్నాను.

నేను అడగని పని ఒకటి చేశారు. నాన్న గొల్లపూడి గారి 'జీవన కాలమ్' పేపర్లోంచి కత్తిరించి, మడిచి క్యాసెట్ అట్టల్లో పెట్టేవారు. పెట్టినట్టు నాకే తెలియదు. మాస్టారు ప్రతి ముక్కనీ విప్పి, పుస్తకాల కింద పెట్టి సాపు చేసి, ఏది ఏ క్యాసెట్లోదో చీటీ రాసి ప్లాస్టిక్ కవర్లో ఇచ్చారు. పదిహేడు ముక్కలు. వాటిలో ఒకటి కాలమ్ కాదు, వార్త. 1992 ఆగస్టు నాటిది. గొల్లపూడి గారి అబ్బాయి శ్రీనివాస్ తన మొదటి సినిమా 'ప్రేమ పుస్తకం' తీస్తూ ఆగస్టు 12న మా విశాఖ సముద్రంలోనే పోయాడు. ఆ సినిమాని తండ్రే పూర్తి చేశారు. అజిత్ హీరో. తర్వాత కొడుకు పేరున అవార్డు పెట్టి, దేశంలో మొదటి సినిమా తీసిన దర్శకులకి ఇస్తూ వచ్చారు. 'తారే జమీన్ పర్'కి ఆమిర్ ఖాన్‌కీ ఇచ్చారు. ఆ వారమంతా నాన్న రిహార్సల్‌కి వెళ్ళలేదు, నాకు బాగా గుర్తు. వార్త అంచున పెన్సిల్‌తో తేదీ ఒక్కటే రాశారు. అంతటి కబుర్ల మనిషి ఇంకేమీ రాయలేదు.

ఇక ఖర్చు. ఆడియో క్యాసెట్‌కి మూడు వందలు, బూజు పట్టిన వీడియోకి ఏడు వందల యాభై. స్క్రూలు లేకుండా అతుకు పెట్టిన క్యాసెట్లు నాలుగుంటే, వాటి టేపుని కొత్త డబ్బాల్లోకి మార్చడానికి ఒక్కోదానికి వంద అదనం. ఫైళ్ళు రెండు రకాలు ఇస్తారు. దాచుకోడానికి వేవ్, ఫోన్లో వినడానికి ఎంపీ3. వేవ్ ఫైళ్ళు నిమిషానికి పది ఎంబీ దాకా తింటాయి, కాబట్టి పెద్ద పెన్ డ్రైవ్ తీసుకెళ్ళండి. గరగర తీసిందొకటి, తియ్యనిదొకటి రెండూ ఇస్తారు. నేను తియ్యనిదే వింటున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. రసీదు మీద క్యాసెట్ల లెక్క తప్ప వివరం ఉండదు, మీరే రాసుకోండి, ఫోటోలు తీసుకోండి. పని ఎప్పుడవుతుందో కచ్చితంగా చెప్పరు. నాకు పది రోజులన్నారు, ఇరవై నాలుగైంది. మధ్యలో రెండుసార్లు అంత దూరం వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాను, ఫోన్ ఎత్తకపోతే టెన్షన్ ఎంతో నాకే తెలుసు. ఫైళ్ళకి పేర్లు పెట్టరు, ఒకటి, రెండు, మూడు అని వరసే. ఆన్‌లైన్‌లో పంపరు, మనిషి రావాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ షాపు ముందున్న మెరక కష్టం.

బస్సులో చివరికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాక విన్న సంగతొకటి చెప్పాలి. నాటకం మొదలైన ముప్పై ఒకటో నిమిషంలో మైకు కుయ్యిమంది. ఎవరో తిట్టారు. తర్వాత ఐదుగురిలో ఒకడు మాట్లాడటం ఆపేశాడు, జనం మొత్తం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక పిల్ల దగ్గింది. వెంటనే అమ్మ గొంతు, చాలా తగ్గించి, 'ఉండే గుంటా, మీ నాన్న మాటాడాల' అంది. ఆ పిల్లని నేనే, పదకొండేళ్ళు. అమ్మ గొంతు ఉన్న రికార్డు మా ఇంట్లో మరొకటి లేదు. గరగర తీసిన ఫైల్లో కూడా మాస్టారు ఆ చోటుని ముట్టుకోలేదు.

జిగురు పట్టిన ఆ పన్నెండో క్యాసెట్‌ని కూడా ఆయనకే చూపించాను. చుట్ట చుట్టా విడదియ్యాలి, నెల పట్టొచ్చు, మొత్తం రాకపోవచ్చు అన్నారు. డబ్బు ముందు తీసుకోలేదు. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళి ఇచ్చి వస్తాను.