క్రోటన్లు బానే ఉన్నాయి, షెఫ్లెరా మాత్రం పని పెట్టింది

మా తోటలో ముందు వరసంతా ఆకుల మొక్కలే, చాలా ఏళ్లుగా ఇంతే. పూల మొక్కలు విరగబూసి రాలిపోయాక మళ్లీ పూసేదాకా ఆ చోటంతా బోసిగా ఉంటుంది కదా, వీటితో ఆ బాధే లేదు, ఏడాదంతా రంగే. క్రోటన్ కొత్తాకు పచ్చగానో పసుపుగానో వస్తుంది, ముదిరేకొద్దీ ఈనెల వెంబడి నారింజ, ఎరుపు పాకుతాయి, ఒకే కొమ్మకి పైన పసుపు కింద ముదురెరుపు. పొద్దున్నే ఎండ ఆకు వెనకనుంచి పడినప్పుడు చూడాలి అసలు!

తెల్లంచు షెఫ్లెరా, అంటే గొడుగులా ఆకులు విచ్చుకునే మొక్క, దాని సంగతే వేరు. బాగా పెరుగుతున్న మొక్కలో ఉన్నట్టుండి ఒక కొమ్మ మొత్తం పచ్చగా వచ్చింది, తెల్ల చుక్క కూడా లేదు. చూస్తుండగానే మిగతా కొమ్మల్ని దాటేసింది. దాటదూ మరి, ఆకు నిండా పత్రహరితమే, తెల్ల భాగంలో అది ఉండదు కాబట్టి రంగు కొమ్మలు అంత ఆహారం తయారు చేసుకోలేవు, వదిలేస్తే పచ్చదే మొక్కంతా కమ్మేస్తుంది. పైపైన తుంచితే మళ్లీ పచ్చ చిగురే వస్తుంది, అందుకే కొమ్మ మొదలయ్యే చోటిదాకా కోసేశా. మొక్క ఒక పక్క బోడిగా అయిపోయి చాలా రోజులు చూడబుద్ధి కాలేదు. తర్వాత కింది కణుపులోంచి చిన్న చిగురు, వేలిగోరంత ఆకు, దాని అంచున మీగడ రంగు గీత, ఎంత సంతోషమేసిందో. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ పచ్చ కొమ్మ వస్తూనే ఉంది, చూసినప్పుడల్లా కోసేయడమే.

ఏడాదంతా రంగు అన్నా కదా, అది ఎండ ఉన్న చోట. పక్క చెట్టు పెరిగి నీడ కమ్మిన మూలలో క్రోటన్ కొత్తాకులు చాలావరకు పచ్చగానే ఉండిపోతున్నాయి, అక్కడ నీడని ఓర్చుకునే ఆకుల మొక్క అగ్లోనీమానే నయం. దుంప నుంచి మొలిచే రంగుల ఆకుల కలాడియం కూడా అందంగా ఉంటుంది కానీ చలికాలంలో ఆకంతా పోయి దుంప నిద్రపోతుంది, ఆ నెలల్లో కుండీ ఖాళీ.

మాకు సగం పూట ఎండ తగులుతుంది, కత్తెర పట్టుకుని తిరిగే తీరిక నాకుంది, అందుకే నాకు కుదిరింది. ఇంట్లో పాకే పిల్లలో, ఆకులు కొరికే కుక్కో పిల్లో ఉంటే మాత్రం ఇవి అందని చోట పెట్టండి, క్రోటన్ రసం చర్మానికి దురద, నోట్లోకి పోతే ఇంకా ఇబ్బంది.