"అయితే?" అని అడిగే మేడమ్: ఒంగోలులో ఆదివారం వ్యాసం క్లాసు గురించి

మా పాప తొమ్మిదో తరగతి. స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఒక తెలుగు నవల చదవాలి, అందులో ఒక పాత్ర గురించి తన అభిప్రాయం ఏంటో చెప్పి, దాన్ని వాదించి నిలబెడుతూ నాలుగు పేజీల వ్యాసం రాయాలి. పాప మూడు రోజులు కూర్చుని కథంతా రాసింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు కథే. ఆఖర్న "ఈ నవల నాకు చాలా నచ్చింది" అని ఒక్క వాక్యం. ఇందులో నీ వాదన ఏదమ్మా అని అడిగితే నోరు మెదపలేదు. నాకు మాత్రం ఏం తెలుసు చెప్పడానికి? నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. స్లాబులో లోపం చూపించమంటే చూపిస్తాను గానీ వ్యాసంలో లోపం ఎక్కడుందో పట్టుకోవడం నా వల్ల కాలేదు.

ముందు ఒక ట్యూషన్ సెంటర్‌కి పంపించాం. పేరు చెప్పను. అక్కడ టైపు చేసిన వ్యాసం ఒకటి చేతిలో పెట్టి బట్టీ పట్టమన్నారు. పాప పక్కన కూర్చున్న పిల్లలకీ అదే కాగితం. పాత్ర పేరు మారిస్తే ఏ నవలకైనా అతుక్కునే వ్యాసం అది. కట్టిన ఫీజు పోతే పోయింది, "నాన్నా, నేను అనుకోనిది నేను అనుకున్నానని ఎలా రాయను?" అని పాప అడిగినప్పుడు మాత్రం నాకు నిజంగా బాధేసింది. మర్నాడే మానిపించాను.

మా యూనిట్‌లో అకౌంట్లు చూసే ఆయన ఈ మేడమ్ గారి గురించి చెప్పారు. గవర్నమెంట్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. లాయర్‌పేట వైపు ఒక సందులో, మేడ మీద సొంత ఇంట్లోనే ఆదివారాలు క్లాసు తీసుకుంటారు. బోర్డు లేదు, పాంప్లెట్ లేదు. ఇంటి గుర్తులు, పేరు నెట్‌లో పెట్టొద్దని ఆవిడే అడిగారు కాబట్టి పెట్టడం లేదు. ఆరు ఆదివారాలు, పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా. పన్నెండు మందిని మించి తీసుకోరు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలు కలిసే కూర్చుంటారు. మేం కట్టింది పద్దెనిమిది వందలు.

షరతు ఒక్కటే. మొదటి ఆదివారం నాటికి నవల పూర్తిగా చదివి రావాలి. బ్యాచ్ మొత్తానికి ఒకే నవల. మా పాప బ్యాచ్‌కి మొక్కపాటి నరసింహశాస్త్రి గారి "బారిష్టర్ పార్వతీశం" మొదటి భాగం పెట్టారు. 1924లో వచ్చిన పుస్తకం. ఎందుకు ఇదే పెట్టారని అడిగితే, "పిల్లలు నవ్వుకుంటూ పూర్తి చేస్తారు బాబూ. పైగా చదివిన ప్రతివాడికీ పార్వతీశం మీద ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది. మనకి కావాల్సింది అదే కదా" అన్నారు. పాపతో పాటు నేనూ చదివాను. మొగల్తూరు కుర్రాడు పార్వతీశం బారిష్టర్ చదవడానికి ఇంగ్లండు వెళ్లాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, నిడదవోలులో రైలెక్కి మద్రాసు వెళ్తాడు. అంటే ఆ రైలు మన ఒంగోలు, నెల్లూరు మీదుగా పోవాల్సిందే. అది తట్టాక పుస్తకం మీద నాకు ఇంకాస్త ప్రేమ పుట్టింది.

మొదటి ఆదివారం పిల్లల చేత పార్వతీశం గురించి తలా ఒక వాక్యం రాయించారట. వాటన్నిటినీ బోర్డు మీద రాసి, ఒక్కోదానికీ ఒకటే ప్రశ్న: "ఈ మాటని ఎవరైనా కాదనగలరా?" పార్వతీశం మొగల్తూరు వాడు. ఎవరూ కాదనలేరు, కొట్టేశారు. ఈ నవల చాలా బాగుంది. కాదని ఎవరైనా అంటే నువ్వేం చూపిస్తావు? చూపించడానికి ఏమీ లేదు, అదీ కొట్టేశారు. పార్వతీశం తెలివితక్కువవాడు. ఇది ఉంచారు, ఎందుకంటే వెంటనే ముగ్గురు పిల్లలు కాదని లేచారు. అలా పుట్టింది మా పాప వాక్యం: "పార్వతీశం తెలివితక్కువవాడు కాదు, తనకి తెలియని లోకంలోకి ఒంటరిగా వెళ్లినవాడు." దీన్ని మేడమ్ గారు వాదన వాక్యం అంటారు. వ్యాసంలో తర్వాత రాసే ప్రతి పేరా ఈ వాక్యానికి జవాబు చెప్పుకోవాలి. చెప్పుకోలేని పేరా ఎంత బాగున్నా తీసేయాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆవిడ నోట్‌బుక్ దిద్దే పద్ధతి. మూడో వారం పాప రాసిన పేరా ఇది: "పార్వతీశం మద్రాసులో టోపీ కొంటాడు. అది ఆడవాళ్లు పెట్టుకునే టోపీ అని అతనికి తెలియదు. అందరూ నవ్వుతారు." పక్కన మార్జిన్‌లో ఆకుపచ్చ ఇంకుతో ఒకే ఒక్క మాట: "అయితే?"

అంతే. తప్పు అని కొట్టేయలేదు, మార్కు వేయలేదు. పాప ఆ రాత్రి పది దాటేదాకా ఆ మాట దగ్గరే కూర్చుంది. తర్వాత రాసింది: "మొగల్తూరులో దొరల టోపీలు చూసే అవకాశం అతనికి లేదు. ఏది మగవాళ్లది, ఏది ఆడవాళ్లది అని చెప్పేవాళ్లు లేరు. తెలివి ఎంత ఉన్నా ఎప్పుడూ చూడని వస్తువు గురించి తెలియదు. కాబట్టి ఈ పొరపాటు అతని తెలివికి కొలత కాదు." ఇది మా పాప సొంతంగా రాసింది. పక్క గదిలో కూర్చుని పేజీలు తిప్పుతున్న చప్పుడు విన్నాను కాబట్టి చెప్తున్నాను. ఆ నోట్‌బుక్ మొత్తం మీద "అయితే?" పదకొండు సార్లు ఉంది. చివరి రెండు వారాల్లో ఒక్కసారే.

పాలిష్ అయిన గెలాక్సీ గ్రానైట్ స్లాబు మీద నీళ్లు పోసి తుడుస్తాం. రాయంతా ఆరిపోయినా, కంటికి ఆనని పగులున్న చోట తడి గీతలా నిలబడిపోతుంది. ఆవిడ "అయితే?" కూడా అచ్చం అలాగే పని చేసింది. మాటకీ ఆధారానికీ మధ్య ఎక్కడ పగులుందో పాపకే కనబడింది.

నాలుగో ఆదివారం వాన పడుతోంది, పాపని దింపి వెనక్కి రాలేక నేనూ వెనక కూర్చున్నాను. ఆ రోజు పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు పార్వతీశం తెలివైనవాడని, ఇంకోటి కాదని. ఇంటర్ చదివే ఒక అబ్బాయి లేచి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: "మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు కూడా ఇంగ్లండు వెళ్లి బారిష్టర్ చదివారు మేడమ్. చిన్నప్పుడు పేదరికంలో పెరిగారు. కాబట్టి పల్లెటూరి నుంచి వెళ్లినంత మాత్రాన తెలివితక్కువవాడు అనకూడదు." మేమంతా తలాడించాం. మన జిల్లా పేరే ఆయనది, ఎవరం కాదంటాం? మేడమ్ గారు మాత్రం నెమ్మదిగా అన్నారు: "పంతులు గారు చాలా గొప్పవారు నాయనా. కానీ ఆయన ఈ నవలలో లేరు. ఆయన తెలివి పార్వతీశానికి సాక్ష్యం కాదు. పార్వతీశం గురించి చెప్పాలంటే పుస్తకం తెరువు, పేజీ నంబరు చెప్పు." ఆ అబ్బాయి నొచ్చుకోలేదు. పుస్తకం తెరిచి వెతకడం మొదలెట్టాడు. ఆధారం అంటే ఏంటో ఆ రోజే నాకూ అర్థమైంది.

తర్వాతి వారం జట్లు తారుమారు చేశారు. ఇన్నాళ్లూ తెలివైనవాడన్న మా పాప ఇప్పుడు కాదని వాదించాలి. ఇంటికొచ్చి ఏడుపు మొహం పెట్టింది. "నాకు ఇష్టం లేని మాట ఎలా చెప్పేది?" అని ఒకటే టెన్షన్. కానీ ఆ వారమే తన వ్యాసానికి పెద్ద అడ్డంకి దానికి దొరికింది. టోపీ సంగతి తెలియకపోవడం కొత్త చోటు వల్ల సరే, ఇంట్లో చెప్పకుండా అంత దూరం బయలుదేరడం కూడా కొత్త చోటు వల్లేనా? ఆ నిర్ణయం మొగల్తూరులో తన ఇంట్లో తీసుకున్నదే కదా? పాప దీన్ని దాచిపెట్టలేదు. వ్యాసంలో ఒక పేరా మొత్తం దానికే ఇచ్చి, ఇది దుడుకుతనమేనని ఒప్పుకుంది. ఒప్పుకుని ఇలా రాసింది: "కానీ ఈ కథ మనకి చెప్తున్నది పార్వతీశమే. తన పొరపాట్లు ఏవో, అవి ఎందుకు నవ్వొస్తాయో అతనికి తెలుసు. తెలిసి మనల్ని నవ్విస్తున్నాడు. తెలివితక్కువవాడు అలా చెప్పలేడు." ఇది చదివి మేడమ్ గారు మార్జిన్‌లో ఏమీ రాయలేదు, పాపని పిలిచి తల మీద చెయ్యి వేశారట.

ఇబ్బందులూ ఉన్నాయి. సందు ఇరుకు, కారు పోదు. మెట్లు నిటారుగా ఉంటాయి, పిల్లల్ని తీసుకొచ్చే పెద్దవాళ్లకి కష్టం. కరెంటు పోతే ఫ్యాన్ కూడా ఉండదు, ఏప్రిల్‌లో ఒంగోలు ఎండ మీకు చెప్పక్కర్లేదు. నోట్సు ఏదీ ఇవ్వరు. అన్నీ పిల్లలే రాసుకోవాలి, వారం మానేస్తే ఎవరి దగ్గరైనా అడిగి రాసుకోవాల్సిందే. అక్షర దోషాలకి ఆవిడ పెద్దగా టైం పెట్టరు, సున్నా చుట్టి వదిలేస్తారు. తెలుగు చదవడమే కష్టంగా ఉన్న పిల్లలకి ఆరు వారాలు చాలవు. బ్యాచ్‌లో ఇద్దరు నవల సగంలో ఆపి వచ్చారు, వాళ్లు వాదనల దగ్గర ఊరికే కూర్చుండిపోయారు. వాళ్లకి విడిగా ముందు ఒక నెల చదివించే ఏర్పాటు ఉంటే బాగుంటుందని మేడమ్ గారికి చెప్పాను. చూస్తానన్నారు.

మార్కుల కోసమే అయితే ఇది మీకు నచ్చకపోవచ్చు. పాపకి స్కూల్లో ఇరవైకి పదహారు వచ్చాయి, బట్టీ పట్టిన ఒక అమ్మాయికి పద్దెనిమిది. పాప మేము అనుకున్నంత బాధపడలేదు. వాళ్ల టీచర్ దగ్గరికి వెళ్లి, ఏ పేరాలో తన ఆధారం చాలలేదో చూపించమని అడిగిందట. ఆవిడ కూర్చోబెట్టి ఒక పేరా చూపించారట కూడా.

చేర్పించాలనుకునేవాళ్లు ముందు పుస్తకం సంపాదించండి. కొత్తది కొనక్కర్లేదు, లైబ్రరీలో ఉందేమో అడగండి. కానీ పేజీ నంబర్లు అందరివీ కలవాలి కాబట్టి ఏ ముద్రణ తెచ్చుకోవాలో మేడమ్ గారిని అడిగి తెచ్చుకోండి. మేం వేరే ముద్రణ కొని మొదటి వారమంతా పేజీలు వెతుక్కున్నాం. దసరా సెలవుల్లో ఇంకో బ్యాచ్ పెడతారట. మా అబ్బాయి ఎనిమిదికి వచ్చాడు, వాడి పేరు ఇప్పుడే రాయించి వచ్చాను.