పౌడర్ కోటింగ్ ఓవెన్: ఒంగోలు షెడ్డులో ఐదేళ్ల వాడకం తర్వాత

ఇనుము మీద చల్లిన రంగు పొడిని వేడితో కరిగించి గట్టి పూతగా మార్చేదే పౌడర్ కోటింగ్ ఓవెన్. దాన్ని అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది ఎన్ని డిగ్రీలు ఎక్కుతుందో. మాది 250 అన్నారు, నిజంగానే ఎక్కుతుంది. కానీ మా పనికి అంత వేడి అక్కర్లేదు. మేం వాడే పాలిస్టర్ పౌడర్‌కి ఇనుము 180 నుంచి 200 డిగ్రీల మధ్యకు చేరి, ఆ వేడిలో పది పదిహేను నిమిషాలు ఉంటే చాలు. సరైన లెక్క పౌడర్ కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో ఉంటుంది. ఇక్కడ వేడెక్కాల్సింది ఇనుము. కంట్రోలర్‌లో కనపడే అంకె మాత్రం లోపలి గాలిది.

మాకు వచ్చేవి ఎక్కువగా గేట్లు, గ్రిల్స్, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల మోటార్లకు పెట్టే స్టార్టర్ పెట్టెలు. పెట్టె రేకు పలచన, ఇట్టే వేడెక్కుతుంది. గేటుకి వేసే 8 ఎంఎం ప్లేటు అంత తొందరగా లొంగదు. రెండూ ఒకే ట్రాలీకి వేలాడదీస్తే పెట్టె తెల్లరంగు పసుపుపచ్చగా మారుతుంది, లేదంటే ప్లేటు మీద పౌడర్ కరిగి నున్నగా మెరుస్తుంది గానీ సరిగా బేక్ అవ్వదు. చూడ్డానికి బ్రహ్మాండంగానే ఉంటుంది. గేటు బిగించేటప్పుడు సుత్తి తగిలితే పెచ్చు లేస్తుంది.

అందుకే ఖాళీ ఓవెన్ డెమో చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. మన జాబ్ (రంగు వేయాల్సిన సరుకు) నింపించి, పైన, కింద, తలుపు పక్కన ఇనుముకే సెన్సార్లు బిగించి చూడాలి. మా ఓవెన్‌లో తలుపు దగ్గర కింది మూల చల్లగా ఉండేది. వేడిగాలి వచ్చే గొట్టం, అంటే డక్టులో గాలి వచ్చే సందుల్ని సర్దుకునే వీలుంది కాబట్టి ఆ తేడా ఐదారు డిగ్రీలకు దిగింది. ఆ వీలు లేని మోడల్ ఎంత చవకగా ఇచ్చినా నేను కొనను.

కరెంటు సంగతి. వంద కిలోల ఇనుమును 30 నుంచి 190 డిగ్రీలకు తేవడానికి నికరంగా పట్టేది రెండు యూనిట్ల పైచిలుకే. మీటరు మాత్రం దానికి ఎన్నో రెట్లు తిరుగుతుంది. మిగతాదంతా గోడలు, ట్రాలీ, తలుపు తీసినప్పుడల్లా బయటికి పోయే గాలి తినేస్తాయి. ఓవెన్‌తో వచ్చిన ట్రాలీ చాలాసార్లు జాబ్ కంటే బరువుండేది. దాన్ని మూలన పడేసి ఇక్కడే తేలికపాటిది చేయించాక వేడెక్కే టైమ్ బాగా తగ్గింది. గోడల్లో వేడి బయటికి పోకుండా 100 ఎంఎం రాక్‌వూల్ ఉంది, ఓవెన్ నడుస్తున్నా బయటి రేకు మీద చెయ్యి ఆనించొచ్చు. మే నెలలో మా రేకుల షెడ్డుకి ఇంకో ఓవెన్ అవసరం లేదనుకోండి, అది వేరే విషయం.

గ్యాస్ ఓవెన్ తొందరగా వేడెక్కుతుంది. కానీ మంట గాలి నేరుగా లోపలికి వచ్చే రకంలో తెల్లరంగు పచ్చబారే ప్రమాదం ఉంది. మా పెట్టెలు చాలావరకు లేతరంగులే.

అసలు చిరాకు పెట్టింది ఓవెన్ లోపల వేడిగాలిని తిప్పే బ్లోయర్. మా లైన్లో ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు ఫేజులు తారుమారై అది ఎదురు తిరిగింది. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ ఎదురు తిరిగినా గాలి అదే దారిలో వస్తుంది, కాకపోతే బాగా తగ్గిపోతుంది. కాబట్టి పైకి ఏమీ తెలియదు. చప్పుడులో తేడా పట్టేలోపే గాలి చాలక రెండు హీటర్లు కాలిపోయాయి. ఫేజులు తారుమారైతే పసిగట్టే ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టి ఉంటే మోటార్ స్టార్టే అయ్యేది కాదు. ఓవెన్ ధరలో అదో ఖర్చే కాదు. ఎందుకు పెట్టలేదంటే "మీరు అడగలేదు కద సార్" అన్నారు ఓవెన్ అమ్మినవాళ్లు.

ఇంకో విషయంలో మాత్రం వాళ్లను మెచ్చుకోవాలి. హీటర్లను నడిపే ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే, ఒక ఎలక్ట్రానిక్ స్విచ్) చెడిపోయేటప్పుడు తరచుగా షార్ట్ అయిపోతుంది, కంట్రోలర్ ఆపమన్నా కరెంటు ఆగదు. దానికి విడిగా, వేడి హద్దు దాటితే కరెంటు కట్ చేసేలా ఓవర్ టెంపరేచర్ థర్మోస్టాట్, కాంటాక్టర్ ఇచ్చారు. ఒకసారి రాత్రిపూట అదే ఓవెన్‌ను కాపాడింది.

గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) సరుకు చేసేవాళ్లకు ఓవెన్ టైమ్ ఎక్కువ కావాలి. జింకు పూతలో చిక్కిన గాలి బేకింగ్‌లో బయటికొచ్చి సూదిబెజ్జాలు పడతాయి, అందుకని పౌడర్ కొట్టకముందే ఒకసారి ఉత్తగా వేడిచేసి తీస్తాం. అలాంటి ఆర్డర్లు ఎక్కువుంటే మాకంటే ఒక సైజు పెద్దది తీసుకోండి, రెండో ట్రాలీ కూడా అప్పుడే చేయించుకోండి.