రబ్బరు బోటు మనుషులకు సరే, మంటలకు కాదు

మా తీరప్రాంత ఫైర్ స్టేషన్‌లో గాలి నింపే రబ్బరు బోటు, దాని వెనక బయట తగిలించే 25 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజను కొన్నేళ్లుగా వాడుతున్నాం. మనుషుల్ని కాపాడే పనిలో దీనికి వంక పెట్టలేను. వరద పల్చగా ఉన్నచోట ఇంజను పైకెత్తేసి తెడ్లతో ఇళ్ల మధ్యకు పోవచ్చు. అంచు నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి నీరసించిన మనిషిని లోపలికి లాక్కోవడం తేలిక. గాలి గదులు వేరువేరు, ఒకటి చిల్లుపడ్డా మిగతావి మోస్తాయి.

చాకిరీ మాత్రం ఎక్కువే. ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంజనులోకి మంచినీళ్లు పంపి కడగాలి. వెనక సన్నగా చిమ్మే ధార ఆగిందంటే ఇంజనుకు చల్లనీళ్లు అందట్లేదు, వెంటనే ఆపెయ్యాలి. మధ్యాహ్నపు ఎండకు ట్యూబులు బిర్రబిగుస్తాయి, కాస్త గాలి వదలాలి. మాది పీవీసీ రకం, అతుకుల దగ్గర ఊడుతోంది. ఖరీదైనా మన ఎండలకు హైపలాన్ అనే సింథటిక్ రబ్బరు రకమే నయం. ప్రొపెల్లరుకు వలలు చుట్టుకుంటాయి, కత్తి లేకుండా బయల్దేరొద్దు.

ఇక నిప్పు సంగతి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో 2023 నవంబరు 19 రాత్రి ముప్పైకి పైగా మరబోట్లు తగలబడ్డాయి. నేనక్కడ లేను గానీ, ఏ జెట్టీలోనైనా పరిస్థితి అదే. బోట్లు ఒకదానికొకటి ఆనించి వరసలుగా కట్టేస్తారు. లోపల డీజిలు, వంట సిలిండర్లు, వలలు. గట్టు మీంచి మన హోసు మొదటి వరసల్ని తడుపుతుంది, అవతలివి కాలుతూనే ఉంటాయి. 4,500 లీటర్ల వాటర్ టెండరును, అంటే నీళ్లు మోసే ఫైరింజన్ను, నిమిషానికి 2,250 లీటర్లు తోడే పంపు రెండు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. పక్కనే సముద్రం! ఆటు సమయంలో జెట్టీ మీంచి సక్షన్ పైపు దింపితే బురదే అందుతుంది. తాళ్లు కాలిపోయిన బోటు మంటతోనే కొట్టుకుపోయి ఇంకో వరసకు అంటిస్తుంది.

అలాంటి చోటికి రబ్బరు బోటు పోలేదు. ఆ వేడికి ముందు కరిగేది అదే. కావలసింది అల్యూమినియం బోటు: అడుగు నుంచే నీళ్లు తోడుకునే పంపు, ముందు భాగంలో మానిటర్ (నీళ్లు దూరంగా చిమ్మే పెద్ద గొట్టం), డీజిలు మంటకు ఫోమ్ (నురగ), మండే బోటును ఈడ్చుకుపోవడానికి కొక్కెం, ఇనప గొలుసు. తాడైతే కాలిపోతుంది. మానిటర్ వాడేవాళ్లకు ఇంకోటి నేర్పాలి: వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. అదేపనిగా కొడితే కాలే బోటు నీళ్లతో నిండి అక్కడే మునిగి దారి మూసేస్తుంది.

జెట్టీ లేని ఇసుక తీరపు ఊళ్లకు రబ్బరు బోటు చాలు, అల్యూమినియందాన్ని ఒడ్డు మీంచి కెరటాల్లోకి తోయడమే పెద్ద పని. హార్బరున్న ఊరికి మాత్రం రెండూ ఉండాలి. బోటుతోపాటు మొగ (నీటి పాయ సముద్రంలో కలిసే చోటు) దాటించడం తెలిసిన సరంగు (బోటు నడిపేవాడు) పోస్టు కూడా మంజూరు చెయ్యాలి. లారీ డ్రైవరుకు స్టీరింగు ఇచ్చి సముద్రంలోకి పంపితే ఇంకో బోటు అతన్ని వెతకడానికి కావాలి.