మూడంగుళాల రాగి శ్రీచక్రం: రోజూ పూజకు పనికొస్తుందా?

పూజాసామగ్రి దుకాణాల్లో ఎర్ర పెట్టెలో అమ్మే ఈ మూడంగుళాల రాగి శ్రీచక్రం గూట్లో ఉంచి దణ్ణం పెట్టుకోవడానికైతే సరిపోతుంది. ఖడ్గమాల (చక్రంలోని దేవతల పేర్లు వరసగా చెప్పే స్తోత్రం) చదువుతూ ఆవరణపూజ, అంటే చక్రంలో ఒక్కో వరసకూ చేసే పూజ, చేద్దామనుకునేవాళ్లు మాత్రం కొనకండి. లోపం గీతల్లో ఉంది.

నాలుగు ఊర్ధ్వముఖ త్రికోణాలు, అయిదు అధోముఖ త్రికోణాలు ఒకదాన్నొకటి ఖండించుకుంటే 43 చిన్న త్రికోణాలు రావాలి: నడుమ ఒకటి, దాని చుట్టూ వరసగా 8, 10, 10, 14. మూడు గీతలు కలిసే మర్మస్థానాల్లో అవి సరిగ్గా ఒకే బిందువులో కలవాలి. అచ్చుకొట్టిన ఈ రేకులో వెంట్రుకవాసి పక్కకు జరిగి, అక్కర్లేని బుల్లి త్రికోణాలు పుట్టుకొచ్చాయి. లోపలి దశారం (లోపలి 10 త్రికోణాల వరస) అలుక్కుపోయి లెక్కకే అందదు. భూపురానికీ (చుట్టూ ఉండే చతురస్రం) దళాలకూ (తామర రేకులు) పోగా త్రికోణాలకు మిగిలిన చోటే తక్కువ మరి. ఆరంగుళాలది, చెక్కినది తీసుకోండి. దుకాణంలోనే ఫోన్ కెమెరాలో పెద్దది చేసి 14 కోణాల వరస లెక్కపెట్టండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఖడ్గమాల నోటితో చదువుతుంటే చూపు భూపురం నుంచి నట్టనడుమ చుక్క అయిన బిందువు దాకా నడవాలి. పదహారు దళాల దేవతల పేర్లు గమనించండి: కామాకర్షిణి, బుద్ధ్యాకర్షిణి, అహంకారాకర్షిణి, ఆపైన శబ్ద, స్పర్శ, రూప, రస, గంధాలు. పొద్దున లేచింది మొదలు మనసును లాగేవి ఇవే కదా! సంసారంలో ఉన్నవాళ్లను వీటిని వదిలి పారిపొమ్మనదు శ్రీవిద్య, అంటే ఈ చక్రంలో అమ్మవారిని కొలిచే సంప్రదాయం. ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి, చిటికెడు కుంకుమ వేసి, లోపలికి సాగమంటుంది. దళమే ఆనకపోతే కుంకుమ ఎక్కడ వేస్తారు?

లోహం అసలు రాగే. అంచున గీరితే పసుపు రంగు కనిపించలేదు, అంటే ఇత్తడి మీద పూత కాదు. అయితే మెరుపు కోసం వార్నిష్ పూశారు. తడి కుంకుమ తగిలేచోట అది లేచిపోయి నల్లమచ్చలు పడతాయి. పెరుగు, పంచామృతాలతో అభిషేకం వద్దు, పులుపుకు చిలుం పడుతుంది. మంచినీళ్లతో కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవండి. నెలకోసారి చింతపండు రసం, మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమితే చాలు, అయితే అదీ పులుపే కాబట్టి వెంటనే కడిగేయండి. రసం వడగట్టకపోతే పిప్పి గీతల్లో ఇరుక్కుంటుంది.

దీంతోపాటు ఇచ్చే కరపత్రం మరీ అధ్వానం. ధనాకర్షణ అంటూ పంచదశి మంత్రం (శ్రీవిద్యలోని పదిహేను అక్షరాల మంత్రం) అచ్చేసి 108 సార్లు చదవమన్నారు. అది గురువు ఉపదేశిస్తేనే జపించేది. ఉపదేశం లేనివాళ్లకు లలితా సహస్రనామం ఉండనే ఉంది. చక్రాన్ని ఎటు తిప్పి పెట్టాలో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మామూలుగా నడిమి త్రికోణం కొస పూజ చేసేవారి వైపు ఉండేలా పెడతారు.