జైపూర్ పాదం: పద్నాలుగు నెలలు వాడిన తరువాత

కడియం దగ్గర నాకు చిన్న నర్సరీ ఉంది. మొక్కలు ఎక్కించుకుంటున్న లారీ వెనక్కి దొర్లి కుడికాలు నలిగిపోవడంతో, మోకాలికి జానెడు దిగువన తీసివేశారు. ఆ కాలికి పద్నాలుగు నెలలుగా జైపూర్ పాదం అనే రబ్బరు కృత్రిమ పాదాన్ని వాడుతున్నాను. ఇలాగే కాలు పోగొట్టుకుని మంచం పట్టినవారికీ, వారిని కనిపెట్టుకుని ఉన్నవారికీ పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను కాబట్టి, పాదం సంగతితో పాటు అది రాకముందు నేనున్న తీరు కూడా చెప్పాలి.

ప్రమాదం తరువాత ఎనిమిది నెలలు నేను చేసిన పని ఒక్కటే, ఇంటికి వచ్చినవారందరికీ జరిగినదంతా చెప్పడం. చక్రం కింద రాయి పెట్టని డ్రైవరు, ఆలస్యంగా వచ్చిన బండి, నా తలరాత, అన్నీ ఒక వరుసలో వచ్చేవి. చెప్పి చెప్పి ఆ వరుస నాకు కంఠతా వచ్చేసింది. అందులో అబద్ధమేమీ లేదు. నష్టపరిహారం కేసు ఇప్పటికీ నడుస్తోంది, నడవాలి కూడా. అయితే వకీలు చూసుకోవలసిన వ్యాజ్యాన్ని నేను పొద్దున లేచింది మొదలు మంచం మీద వాదిస్తూ ఉండిపోయాను. ఈలోగా నీళ్లు పట్టేవారు లేక అంటుమొక్కలు సగం ఎండిపోయాయి.

మధ్యలో ఒక దుకాణంలో మూడు నెలల రాబడి పోసి కృత్రిమ కాలు ఒకటి కొన్నాను. చీలమండ దగ్గర ఏమాత్రం వంగని, బూటు తొడిగితే తప్ప నిలవని పాదం అది. తడిమట్టిలో చెప్పులు లేకుండా తిరుగుతూ, గొంతుక్కూర్చుని అంట్లు కట్టే మనిషికి అదెలా పనికివస్తుందో దుకాణదారు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ కాలు తలుపు మూలకు చేరింది, నా కథలో మరో అన్యాయంగా మిగిలింది.

జైపూర్ పాదం పుట్టిందే ఈ ఇబ్బందిలోంచి. 1960ల చివర జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, ఎముకల వైద్యుడు పి.కె. సేఠీతో కలిసి, నేల మీద కూర్చునేవారికీ పొలంలోకి దిగేవారికీ సరిపోయే పాదాన్ని తయారు చేశారు. మడమలోనూ వేళ్ల వైపూ మెత్తని రబ్బరు, చీలమండ దగ్గర చెక్క దిమ్మె, వాటన్నిటినీ కప్పుతూ చర్మం రంగు రబ్బరు. మొత్తాన్ని అచ్చులో పెట్టి వేడి చేసి ఒక్కటిగా చేస్తారు. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీన్ని ఉచితంగా అమరుస్తుంది. నర్తకి సుధాచంద్రన్ ఈ పాదంతోనే మళ్లీ గజ్జె కట్టారు. ఆమె జీవితాన్ని తెలుగువాళ్లం ఆమె నటనలోనే తెర మీద చూశాం.

నాకు కాలు అమర్చిన సాంకేతిక నిపుణుడు ప్రమాదం ఎలా జరిగిందని అడగలేదు. నా వరుస మొదలుపెట్టబోతుంటే, "ఏం పని చేస్తారండీ?" అన్నాడు. నర్సరీ అన్నాను. "ఎంతసేపు గొంతుక్కూర్చుంటారు? గట్లెక్కాలా? బరువు ఏ చేత్తో మోస్తారు?" అని వరుసగా అడిగి రాసుకున్నాడు. ఎనిమిది నెలల్లో నా పని గురించి నన్నడిగిన మొదటి మనిషి అతనే. జవాబులు చెబుతూ ఉండగా, రేపు ఏం చేయాలన్నది నేనే మాట్లాడుతున్నానని గమనించి కాసేపు నోరు పెగల్లేదు.

తెగిన కాలికి ప్లాస్టరుతో అచ్చు తీసి, వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ గొట్టాన్ని ఆ ఆకారానికి సాగదీసి సాకెట్, అంటే మిగిలిన కాలు దూర్చుకునే తొడుగు, చేశారు. రెండు కడ్డీల మధ్య నడిపించారు. అక్కడితో వాళ్ల పని చాలావరకు అయిపోయింది, నాది మొదలైంది. మొదటి రోజు మంచం నుంచి కుళాయి దాకా ఇరవై అడుగులు వేసి కేలండరు మీద రాసుకున్నాను. రెండుసార్లు పడ్డాను. పడ్డ రోజుల్లో పాత వరుస మళ్లీ నోటికి వచ్చేది; అయినా సాయంత్రం అంకె రాయకుండా పడుకోలేదు. ఇరవై మూడో రోజున మామిడి పిల్లమొక్క ముందు గొంతుక్కూర్చున్నాను. రబ్బరు పాదం ముందుకు వంగింది, మడమ కొద్దిగా లేచింది, కాలి కింద చల్లటి మట్టి నాకు తెలియకపోయినా పాదం జారలేదు. ఆ రోజు పదకొండు అంట్లు కట్టాను, వాటిలో నాలుగు నిలిచాయి.

ఇబ్బందులు లేవనను. మన ఎండలకు సాకెట్‌లో చెమట పట్టి చర్మం ఒరుసుకుపోతుంది. నూలు మేజోడు రోజుకు రెండుసార్లు మార్చుకోవాలి, రాత్రి విప్పగానే చర్మాన్ని అద్దంలో చూసుకోవాలి. మధుమేహంతో స్పర్శ తగ్గినవారు ఈ పరీక్ష ఒక్కపూట కూడా మానకూడదు. మోకాలి పైదాకా తీసేసినవారికి అలవాటు కావడం నాకంటే కష్టం. పుండు పూర్తిగా మానకుండా, వాపు తగ్గకుండా తొందరపడి కొలతలు ఇవ్వకండి. వెళ్లినప్పుడు మాత్రం మీరు చేసే పని ఏమిటో వివరంగా చెప్పండి, వీలైతే పనిముట్టు కూడా తీసుకెళ్లి చూపించండి.

కాలు తీసిన చోట కండ కొంత తగ్గడంతో నా సాకెట్ ఇప్పుడు వదులైంది, రెండు మేజోళ్లు వేసుకుని నెట్టుకొస్తున్నాను. తొలకరికి మొక్కల అమ్మకాలు మొదలయ్యేలోగా వెళ్లి కొత్త అచ్చు తీయించుకుంటాను.