పారాసిటమాల్ 250 సిరప్: మందు మంచిదే, మూతతోనే భయం

పిల్లల వార్డులో 18 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జ్వరానికైనా, టీకా వేసిన రాత్రి నొప్పికైనా మా చేయి ముందు వెళ్లేది పారాసిటమాల్ సీసా మీదకే. అరగంట, గంటలో ఒళ్లు చల్లబడటం మొదలవుతుంది. పరగడుపున వేసినా కడుపులో మంట పెట్టదు. వానాకాలం జ్వరమంటే మాకు డెంగ్యూ భయం. అప్పుడు ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ కలిసిన సిరప్‌ల జోలికి వెళ్లం, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఒట్టి పారాసిటమాలే వాడతాం. అందుకే మందుకి నేను పూర్తి మార్కులు వేస్తాను.

నా బాధంతా మొన్న మా చెల్లి కొన్న సీసా గురించి. వాళ్ల బాబుకి 15 నెలలు, బరువు 10 కిలోలు. ఇంతకు ముందు ఇంట్లో ఉన్నది 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్, 6 మి.లీ. పోసేది. ఈసారి మెడికల్ షాపులో ఇచ్చింది 250, అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండేది. అదే రంగు, అదే వాసన. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది: "అక్కా, జ్వరం దిగలేదు, ఇంకో 6 పోయనా?"

"ముందు సీసా మీద ఏముందో చదువు" అన్నాను. లైటు వేసుకుని చదివింది. నా గుండె ఝల్లుమంది. బాబుకి కావలసింది కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. అంటే ఈ సీసాలో 3 మి.లీ. చాలు. వాడికి రెట్టింపు పడింది. ఒక్కసారే కాబట్టి ఫర్వాలేదు, తర్వాతి డోసు ఆపించాను. అలాగే రోజుకి నాలుగుసార్లు, రెండు మూడు రోజులు పోసి ఉంటే లివర్ దెబ్బతినే ప్రమాదం ఉండేది.

మర్నాడు వెళ్లి మందు కొలిచే మూత చూశాను. గీతలన్నీ ప్లాస్టిక్‌లోనే అచ్చు వేశారు, రంగు లేదు. వెలుతురుకి ఎదురుగా పెట్టి తిప్పితే తప్ప కనపడవు. 2.5, 5, 7.5, 10 ఉన్నాయి, 3 లేదు. నిద్రమత్తులో, ఏడ్చే పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఏ తల్లి కొలవగలదు? ఆ 250 అంకెని కంపెనీ పేరంత పెద్దగా వేస్తే వీళ్ల సొమ్మేం పోతుంది?

ఇంకోటి, ఇది సస్పెన్షన్, అంటే మందు పూర్తిగా కరగకుండా కలిసి ఉండే సిరప్. కుదపకపోతే మందు అడుగున పేరుకుంటుంది, మొదటి డోసులు పలచగా, చివరివి చిక్కగా పడతాయి. మా వార్డులో పది సార్లైనా గట్టిగా కుదుపుతాం. డోసుకి డోసుకి మధ్య కనీసం 4 గంటలు, రోజుకి నాలుగుకి మించదు. జలుబు సిరప్ కూడా పోస్తుంటే దాని లేబుల్ చూడండి, చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. నెలల పిల్లల డ్రాప్స్ ఇంకా చిక్కన, చాలావాటిలో 1 మి.లీ.కే 100 మి.గ్రా. వాటిని స్పూనుతో పోయకండి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరమొస్తే ఇంట్లో ఏ మందూ వద్దు, తిన్నగా ఆసుపత్రికే.

చెల్లి ఇంట్లో ఆ మూత పారేశాను. సూది లేని 5 మి.లీ. సిరంజి కొని, 3 దగ్గర ప్లాస్టర్ ముక్క అంటించి, రబ్బరు బ్యాండుతో సీసాకి కట్టాను. లేబుల్ మీద బాబు బరువు, తెరిచిన తేదీ రాశాను. వాడి బరువు పెరిగితే ప్లాస్టర్ జరపడానికి నేనే వెళ్తాను.